ఉప్పుగాలిలో యుద్ధనౌక



అంతర్వేదిలో, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట కాపురమున్నవారికి ఇనుము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కిటికీ ఊచ, బావి గిలక, సైకిలు గొలుసు, ఏదైనా సరే నాలుగు వర్షాకాలాలు చూసేసరికి పొరలు పొరలుగా రాలిపోతుంది. ఈ పూట మేము ప్రసంగించదలచినది అటువంటి ఉప్పుగాలికే ఒడ్డున నిలిచి ఉన్న ఒక పెద్ద ఇనుప వస్తువును గురించి, దానిని కాపాడే మనుషులను గురించి.

విశాఖపట్నం రామకృష్ణా బీచిలోని కురుసుర జలాంతర్గామిని మీలో అనేకులు చూచే ఉంటారు. సోవియట్ దేశంలో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరినది. 1971లో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగినది. ముప్పది ఒక్క ఏళ్లు కొలువు చేసి 2001 ఫిబ్రవరిలో విరమించినది. 91 మీటర్ల పొడవు గల ఆ నౌకను ఇసుక మీదికి చేర్చి, పునాదిపై నిలిపి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరచినారు.

ప్రదర్శనశాల అనగానే విశాలమైన మందిరాలు తలపుకు వస్తాయి. ఇక్కడ ఉన్నది ఒక్క ఇరుకు నడవ. ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు. నడుమ యంత్రాలు, వంటగది, అలమర అరలవంటి పడకలు. గుండ్రని ద్వారాలలో వంగి దూరుతూ పోవలె. పొడగరులు ఒకటి రెండుసార్లు తల కొట్టుకొనక తప్పదు! డెబ్బదిమందికి పైగా మనుషులు ఇందులో రోజుల తరబడి సూర్యుని ముఖం చూడకుండా ఎట్లా బ్రతికినారని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నకు గోడ మీది పలక సమాధానం చెప్పలేదు. నౌకాదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారిని అక్కడ మార్గదర్శకులుగా నియమించినది అందుకే. మంచినీళ్లు ఎట్లా కొలిచి వాడుకొనేవారో, డీజిలు వాసన బట్టలను ఎట్లా పట్టి ఉండేదో చెప్పవలసినవాడు దానిని అనుభవించినవాడే.

కురుసుర ప్రభుత్వరంగపు ఆలనలో ఉన్నది. అదే తరగతికి చెందిన మరొక సోవియట్ జలాంతర్గామి, బి-39, అమెరికాలోని శాండియాగో రేవులో 2005 నుండి ప్రదర్శనలో ఉండేది. అక్కడి సంస్థను నడిపేది ధర్మకర్తల మండలి, స్వచ్ఛంద సేవకులు. 1863లో నీటికి దించిన స్టార్ ఆఫ్ ఇండియా అనే తెరచాపల ఓడను ఆ సేవకులే బాగుచేసుకొని, తాళ్లు లాగి, 1976 నుండి పలుమార్లు సముద్రం మీదికి తీసుకొని పోయినారు. అంతటి శ్రద్ధ గల చోట కూడా, నీటిలోనే నిలిచి ఉన్న బి-39 తుప్పుకు తట్టుకోలేదు. 2022లో తుక్కు క్రింద పోయినది. ప్రేమ ఉన్నంత మాత్రాన ఇనుము నిలువదు. ఏటేటా గీకించి, రంగు వేయించి, రేకు మార్పించవలె. అందుకు డబ్బు పోగుచేయడం ధర్మకర్తల పని. సేవకులు తెచ్చేది కాలం, ఓపిక, జ్ఞాపకం. ధర్మకర్తలకు సందర్శకుల సంఖ్య మీద చూపు. సేవకులకు వస్తువు మీద చూపు. ఇరువురికీ పొసగని రోజులు ఉండనే ఉంటాయి. మా మట్టుకు మేము మొదటి రూపాయి రంగుకు, రెండవది సేవకుని మాటను భద్రపరచడానికి కేటాయించమంటాము. కొత్త దీపాల అలంకారాలు తరువాత చూచుకోవచ్చును.

అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో లక్ష్మీనరసింహస్వామి రథం అగ్నికి ఆహుతి అయినది. ఊరు తల్లడిల్లినది. 2021 ఫిబ్రవరి నాటికి కొత్త రథం సిద్ధమైనది. రథం కొత్తదైనా స్వామి ఆ స్వామే గనుక ఉత్సవానికి లోటు లేదు. ప్రదర్శనశాలకు ఆ వెసులుబాటు లేదు. 1971లో గస్తీ తిరిగిన నౌక పోతే, అచ్చం అటువంటిదే మరొకటి చేసి పెట్టినా, అది బొమ్మ మాత్రమే అవుతుంది.

నౌకల మాట అటుంచుదాము. వశిష్ఠకు ఆవలి ఒడ్డున, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం నాటినుండి కొడుకులను సైన్యానికి పంపుతూ మిలిటరీ మాధవరమని పేరు తెచ్చుకొన్న ఊరు. ఇటు కోనసీమలోనూ మాజీ సైనికుల ఇండ్లు లేకపోలేదు. అటువంటి ఇంట ట్రంకుపెట్టె అడుగున ఒక పతకం, డిశ్చార్జి పుస్తకం, మసకబారిన ఫోటో ఉండవచ్చును. ఊరి గ్రంథాలయంలో ఒక అద్దాల బీరువా, తాళంచెవికి బాధ్యులుగా ఇద్దరు ధర్మకర్తలు, ఆదివారం పూట కూర్చునే ఒక విశ్రాంత సైనికుడు: ఇంతమాత్రంతో చిన్న ప్రదర్శనశాల మొదలవుతుంది. ఏ వస్తువు ఎవరిది, ఇచ్చినారా, చూపడానికి అప్పగించినారా అన్నది మొదటిరోజే పుస్తకంలో వ్రాసి సంతకం తీసుకోవలె. స్నేహాలు చెడేది తరచు ఇక్కడనే. పతకాన్ని తడిచేతితో ముట్టరాదు; ఫోటోను ఎండ తగిలే గోడకు వేలాడదీయరాదు.

మేము రేడియోవారము గనుక మరొక మాట అంటే స్వార్థమనుకోకండి. 1971లో ఇరువది ఏళ్లున్న సైనికుడు నేడు డెబ్బది దాటినవాడు. ఆయన మాట పట్టుకోవడానికి నేడు పెద్ద స్టూడియోతో పనిలేదు. ఇంట్లో ఉన్న టెలిఫోను చాలును. ఫంకా ఆపి, దగ్గరగా కూర్చుండి అడగండి. యుద్ధాన్ని గురించి కాదు. ఏ పడకలో పడుకొనేవారు, ఇంటినుండి వచ్చిన ఉత్తరాన్ని ఎక్కడ దాచుకొనేవారు అని మొదలుపెట్టండి.