రెండు డిటెక్టర్లు చెప్పే లెక్క



వెలుతురు ఫోటాన్లుగా వస్తుందని మీరంతా చదువుకున్నవాళ్లే. మరి టార్చిలైటు వెలుగును బాగా తగ్గించుకుంటూ పోతే, చివరికి ఫోటాన్లు ఒక్కొక్కటిగా వస్తాయా? రావు. ఎంత మసకబార్చినా అడపాదడపా రెండేసి కలిసి వస్తూనే ఉంటాయి.

ఈ సంగతి తేల్చడానికి దారి చూపినవారు రాబర్ట్ హాన్‌బరీ బ్రౌన్. ఇంగ్లిషువారే గానీ, పుట్టింది నీలగిరుల్లోని అరువంకాడులో, 1916లో. రిచర్డ్ ట్విస్‌తో కలిసి ఆయన 1956లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. పాదరసం దీపం కాంతిని సగం పూత ఉన్న అద్దం మీద పడనిచ్చారు. సగం అద్దం దాటి ఒక డిటెక్టరుకు, మిగతా సగం పక్కకు తిరిగి ఇంకో డిటెక్టరుకు చేరుతుంది. ఒకదానిలో వెలుగు హెచ్చినప్పుడే రెండోదానిలోనూ హెచ్చుతోంది! గంటసేపు జాడలేని సిటీబస్సులు ఒకదాని వెనకే ఒకటి వచ్చినట్టు, ఫోటాన్లు గుంపులుగా వస్తున్నాయన్నమాట. చాలామంది నమ్మలేదు. అయినా ఆయన ఇదే కిటుకుతో సిరియస్ నక్షత్రం ఎంత వెడల్పుగా కనబడుతుందో కొలిచారు. తర్వాత ఆస్ట్రేలియాలోని నరాబ్రైలో 32 నక్షత్రాలను కొలిచారు.

దీనికి క్వాంటం సిద్ధాంతాన్ని 1963లో రాయ్ గ్లౌబర్ కట్టారు. 2005లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇదే సిద్ధాంతంపై కేరళలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త సుదర్శన్ చేసిన కృషి కూడా 1963 నాటిదే. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గిరీష్ అగర్వాల్ ఏళ్ల తరబడి ఈ శాస్త్రంలోనే పనిచేశారు.

లెక్క ఇదీ: రెండు డిటెక్టర్లూ ఒకేసారి టిక్కుమనడం, కాకతాళీయంగా జరగాల్సినదానికి ఎన్ని రెట్లు? డిటెక్టర్లు తగినంత చురుకైనవైతే మామూలు దీపానికి 2, లేజరుకు 1 వస్తుంది. ఒంటరి పరమాణువుకు సున్నా! ఒక ఫోటాన్‌ను విడిచిన పరమాణువు కిందిస్థాయికి పడిపోతుంది. లేజరు దాన్ని మళ్లీ పైకెక్కిస్తే తప్ప రెండోదాన్ని విడవలేదు. సోడియం పరమాణువుల కాంతిలో ఫోటాన్‌కూ ఫోటాన్‌కూ మధ్య ఉండే ఈ ఎడాన్ని 1977లో కింబుల్, డాజెనే, మాండెల్ పట్టుకున్నారు. తరంగమైతే అద్దం దగ్గర చీలి రెండువైపులా పోవాలి. ఒంటరి ఫోటాన్ చీలదు. అందుకే ఏ మామూలు తరంగమూ ఈ లెక్కను 1కి దిగువకు తేలేదు.

దీనితో మనకేం పని అంటారా? రహస్య సంకేతాలను ఫోటాన్ల మీద పంపేటప్పుడు రెండు కలిసి వెళ్తే, పొంచి ఉన్నవాడు ఒకదాన్ని కాజేయవచ్చు. కాబట్టి రేపు ఎవరైనా మీ ముందుకొచ్చి ‘మాది క్వాంటం కాంతి’ అంటే, అదెంత మసకగా ఉందని అడక్కండి. రెండు డిటెక్టర్ల లెక్క ఎంతొచ్చిందని అడగండి.