పంటచేలలో పక్షుల యుక్తి – రైతులు చేయదగిన కాపు
(స్టేషన్ ఘన్‌పూరు ప్రాంత రైతులకొఱకైన ఉపన్యాసము)



జొన్న, మొక్కజొన్న కంకులు పాలుపోసుకొనుట మొదలు కోతవఱకు గింజ దక్కించుకొనుట మీకు గొప్ప శ్రమగా నున్నది. మంచె కట్టి, వడిసెల త్రిప్పినను చిలుకలు, పిచ్చుకలు, గోరువంకలు మరల వచ్చుచునే యుండును. పక్షి ఏ రీతిని మేత నెన్నుకొనునో యెఱిగినచో కాపు కొంత సులభమగును.

మేతకు దిగునపుడు పక్షి రెండు విషయములను తూచి చూచుకొనును: గింజ యెంత దొరకును? అపాయ మెంత కలదు? చెట్టునకు, కంచెకు దగ్గఱనున్న సాళ్లలోనుండి త్వరగా ఎగిరి దాగవచ్చును. కావుననే చేని అంచులకు నష్టము హెచ్చు. అంచు సాళ్లలోని మొక్కజొన్న కంకులకు ఆ మొక్క ఆకునే చుట్టినచో గింజ కంటబడదు. ఒక పిట్ట నిర్భయముగా మేయుట చూచి తక్కినవి దిగును. అందుచే తెల్లవాఱగనే మొదట వచ్చిన నాలుగింటిని తోలవలెను. ఉదయ సాయంకాలములయందు మేత హెచ్చు గనుక ఆ వేళల కాపు తప్పరాదు.

దిష్టిబొమ్మ కదలదనియు, హాని చేయదనియు తెలిసికొనిన పిమ్మట పిట్ట దాని తలపైననే వాలును. బొమ్మ చోటును తఱచుగా మార్చవలెను. ఒకవైపు ఎఱుపు, ఒకవైపు వెండి రంగు గల రిబ్బనును మెలికలు పెట్టి పైరుకంటె కొంచె మెత్తున కట్టినచో గాలికి మెఱసి మ్రోగును. గింజ పట్టకమునుపే కట్టినచో పక్షులు దానికిని అలవాటుపడును.

ఒంటరిగా ముందుగాని వెనుకగాని పండిన చేనిపై చుట్టుపట్ల పిట్టలన్నియు పడును. ఇరుగుపొరుగువారు ఒకే అదనున విత్తినచో నష్టము పంచుకొనబడి ఒక్కొక్కరికి స్వల్పమగును.

పక్షులను చంపుట మాత్రము తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి చిలుకలను పట్టుటయు, చంపుటయు నేరము. అదియునుగాక, గింజ తిను పిచ్చుకయు, గిజిగాడును తమ పిల్లలకు పురుగులను మేపును. పశువులు కదలించిన పురుగులు తక్కువ అడుగులతోనే దొరకుటచే కొంగ వాని వెంట నడచును. తోక చీలియున్న నల్లని ఏట్రింత ఎత్తున కూర్చుండి పురుగును కనిపెట్టి పట్టును. పత్తి, కంది చేలలో దానికొఱకు ఎకరమునకు 10 మొదలు 20 వఱకు అడ్డకఱ్ఱ గల గుంజలు పాతవలెను. వరి, జొన్న చేలలో పాతినవానిని మాత్రము గింజ పట్టగానే తీసివేయవలెను. లేనిచో గింజ తిను పిట్టలే వానిపై వాలును.

కావున విత్తుటకు ముందే పక్కచేలవారితో కూర్చుండి అదను నిశ్చయించుకొనుడు; కంకి పాలుపోసుకొను నాటికి కాపు సాధనములను సిద్ధపఱచుకొనుడు.