ఆంగ్ల ప్రభువంశముల వంశవృక్షములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ పండుగనాడు నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. విషయమును నా యిష్టమునకే విడిచిరి. నేను కళాశాల గడప త్రొక్కినవాడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, దీపము పెట్టిన తరువాత ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి భారతమును, రఘువంశమును కూడబలుకుకొని చదివినవాడను. అట్టివాడు ఆంగ్లదేశపు ప్రభువుల వంశములను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. కాని వంశవృక్షమనునది కూడ ఒక లెక్కయే. లెక్క వెనుక రశీదు ఉన్నదా లేదా యని చూచుట నా వృత్తి. ఆ దృష్టితోనే ఈ విషయమును పరిశీలించితిని. పొరపాటులున్న పెద్దలు మన్నింతురుగాక.

పూర్వులను కీర్తించుట యే ఒక్క జాతి సొత్తును కాదు. పురాణమునకు చెప్పిన పంచలక్షణములలో వంశమొకటి, వంశానుచరితమొకటి. తూర్పు చాళుక్యుల తరువాతి తామ్రశాసనములు రాజుల వంశమును చంద్రుని నుండి మొదలిడి వర్ణించును. మన ప్రబంధములలో కృతిపతి వంశవర్ణన లేనిది అరుదు. మన కవులు చంద్రుని వరకు పోయిరి. ఆంగ్లేయులు హేస్టింగ్సు యుద్ధభూమి వరకు పోయిరి. అంతియే భేదము.

1066లో నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లండును జయించెను. నాడు ఆయన ప్రక్కన నిలిచి కత్తి దూసినవాడు మా మూలపురుషుడని చెప్పుకొననిదే అచ్చటి గొప్ప కుటుంబములకు తృప్తి లేకుండెను. ఆ యుద్ధస్థలమున వెలసిన మఠము పేర వీరుల పట్టిక యొకటి చాలకాలము వ్యాప్తిలో నుండెను. చేతులు మారినకొలదియు దానిలో పేర్లు పెరిగినవి. సమకాలికమగు ఆధారముతో హేస్టింగ్సున ఉండిరని నిరూపింపదగినవారు 20 మందికి అటునిటుగా మాత్రమే తేలిరి.

ఇంకొక యుదాహరణము చెప్పెదను. డెన్‌బీ ప్రభువుల ఇంటిపేరు ఫీల్డింగు. వారు తాము ఆస్ట్రియా చక్రవర్తులగు హాబ్స్‌బర్గు వంశమునకు శాఖయని 17వ శతాబ్దములో పత్రములు చూపిరి. ఆ మాటను రోమక సామ్రాజ్య చరిత్రకారుడగు గిబ్బనంతటివాడు నమ్మెను. ఆ కుటుంబపు శాఖలోనివాడే నవలాకారుడు హెన్రీ ఫీల్డింగు. మీరు ఇంటిపేరును మావలె గాక వేరు అక్షరములతో వ్రాయుదురేల యని డెన్‌బీ ప్రభువు అడుగగా, మా శాఖవారు ముందుగా ఓనమాలు దిద్దిరేమో యని ఆయన బదులిచ్చెనని చెప్పుకొందురు. ఆ పత్రములు కూటసృష్టులని నిరూపించినవాడు జాన్ హొరేస్ రౌండు. ఆయన 1854లో పుట్టి 1928లో గతించెను. ఆయన చేసిన పని యేమనగా, ప్రతి పీఠికకును రశీదు అడుగుట. ఆ ప్రశ్నకే యెన్నో మహావృక్షములు కూలినవి.

అయినను ఆ దేశము విషయమున మెచ్చుకొనదగినది యొకటి కలదు. అడిగినవారికి చూపుటకు అక్కడ కాగితము మిగిలియున్నది. 1086లో విలియము రాజు ఊరూరను భూములు, పశువులు, నాగళ్లు లెక్కింపించి గ్రంథస్థము చేయించెను. 13వ శతాబ్దము మొదలు 17వ శతాబ్దము వరకు, రాజునుండి భూమి పొందినవాడు మరణించినచో అధికారులు వచ్చి, అతని భూము లెంత, వారసు డెవడు, వారసుని వయస్సెంత అని గ్రామస్థులచే ప్రమాణపూర్వకముగా చెప్పించి వ్రాసికొనిరి. ఇది మన ఫౌతీ విచారణ వంటిదే. 1538 మొదలు ప్రతి దేవాలయమునను జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు వ్రాయవలెనని ఆజ్ఞ వెలువడెను. ఇట్టి ఆధారములపై కొకెయిన్ అను పండితుడు 1887 నుండి 1898 వరకు 8 సంపుటములలో ప్రభువంశముల చరిత్రను వెలయించెను.

కాగితమునకు గల బలమెట్టిదో డెవను ప్రభువుల కథ తెలుపును. 1553లో మేరీ రాణి ఎడ్వర్డ్ కోర్ట్‌నీ అను యువకునకు డెవను ఎర్లు పదవి నొసంగెను. ఇట్టి సన్నదులలో "అతని శరీరమున జనించిన పురుష వారసులకు" అని వ్రాయుట వాడుక. ఈ సన్నదులో "శరీరమున జనించిన" అను మాట పడలేదు. ఎడ్వర్డు 1556లో పడువా నగరమున నిస్సంతుగా మరణించెను. పదవి అంతరించినదని యెల్లరు తలచిరి. 275 సంవత్సరములు గడచినవి. 1831లో ప్రభువుల సభ ఆ సన్నదును పరిశీలించి, ఆ మాట లేనందున పదవి అతని దూరపు జ్ఞాతులకు సంక్రమించుచునే వచ్చినదని తీర్పు చెప్పెను. అనగా ఆ నడుమ పుట్టి గిట్టిన కోర్ట్‌నీలు తాము ఎర్లులమని తెలియకయే ఎర్లులై బ్రదికి గతించిరి! ఒక్క మాట పడకపోయిన ఫల మిది. కలము పట్టినవారందరు జ్ఞప్తియందుంచుకొనదగిన కథ.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది పెర్సీ వంశకథ. షేక్‌స్పియరు నాటకములు చదివినవారు 1403లో ష్రూస్‌బరీ యుద్ధమున కూలిన హాట్‌స్పరు నెరుగుదురు. అతడు ఈ వంశపువాడే. విలియము వెంట ఇంగ్లండు చేరిన విలియము డి పెర్సీ వీరి మూలపురుషుడు. 1086 నాటి లెక్కలో అతని భూములున్నవి. కాని 12వ శతాబ్దమునందే ఆ ఇంట మగసంతతి నశించెను. మిగిలిన ఆడుబిడ్డ ఆగ్నెసును లూవేను ప్రభువు కుమారుడు జోస్‌లిన్ వివాహమాడెను. వారి సంతతి తల్లి ఇంటిపేరు వహించిరి. కావున 1377లో నార్తంబర్లండు ఎర్లు పదవి నందిన పెర్సీలు, హాట్‌స్పరు వీరుడు, అందరును తల్లివైపున పెర్సీలు.

1670లో పదునొకండవ ఎర్లు ట్యూరిన్ నగరమున మరణించెను. మగబిడ్డలు లేరు, ఎలిజబెత్ అను చిన్నపిల్ల మాత్రము మిగిలినది. అప్పుడు డబ్లిన్ నగరమున పెట్టెలు చేసి అమ్ముకొను జేమ్స్ పెర్సీ అనువాడు ఆ పదవి నాదని ముందునకు వచ్చెను. తన పూర్వులను పసితనమున ఉత్తరదేశము నుండి బుట్టలలో దాచి తరలించిరని తనయింట చెప్పుకొను కథను వినిపించెను. మొదట ఒకని పూర్వునిగా చూపెను. సంవత్సరములు పొసగకపోగా మరియొకని చూపెను. ఇట్లు సుమారు 20 ఏండ్లు పోరాడెను. 1689లో ప్రభువుల సభ అతని వాదమును త్రోసివేసెను. అంతతో విడువక, నార్తంబర్లండు పదవికి ఇతడు బూటకపు వారసుడని, తెగువ మీరినవాడని వ్రాసిన కాగితమును వాని రొమ్మున తగిలించి, వెస్ట్‌మినిస్టరులోని న్యాయస్థానముల యెదుట నిలుపుడని శాసించెను.

భారతమున కృపాచార్యుడు కులగోత్రము లడిగినప్పుడు తలవంచిన కర్ణుడు నాకు జ్ఞప్తికి వచ్చెను. కాని కర్ణునికి లేనిది చెప్పుకొను దురాశ లేదు. జేమ్స్ పెర్సీ వాదము నిలువలేదు, అది న్యాయమే. రొమ్మున కాగితము తగిలించుట మాత్రము న్యాయము కాదు. అతని కుమారుడు ఆంథొనీ ఏ ప్రభువు పేరును చెప్పుకొనకయే 1699లో డబ్లిన్ నగరాధ్యక్షుడయ్యెను.

ఆ పెట్టెలవాని నిట్లు వెడలగొట్టిన పిదప పెర్సీ యను పేరు ఎవరికి దక్కెనో వినుడు. ఎలిజబెత్ సోమర్సెట్ ప్రభువును పెండ్లాడెను. ఆమె మనుమరాలిని 1740లో హ్యూ స్మిత్‌సన్ అను యార్కుషైరు పెద్దమనిషి వివాహమాడెను. అతడు 1750లో శాసనము మూలమున భార్యవంశపు పేరు ధరించి పెర్సీ యయ్యెను. 1766లో నార్తంబర్లండు డ్యూకయ్యెను. నేటి డ్యూకులు అతని సంతతివారే. తండ్రివైపు చూచినచో స్మిత్‌సన్లు. ఏడువందల ఏండ్లకు పైగా గర్వముగా చెప్పుకొన్న పేరును రెండుమార్లు నిలిపినవారు ఆడుబిడ్డలు. అయినను అచ్చటి బిరుదులు నేటికిని చాలవరకు కుమారులకే చెందును. 2013లో చేసిన చట్టము సింహాసనమునకు మాత్రమే జ్యేష్ఠసంతతి న్యాయమును స్త్రీ పురుషులకు సమానము చేసినది. ప్రభువుల బిరుదులను తాకలేదు.

మా కాలమున జరిగిన యొక సంగతితో ఈ విషయము మరింత తేటపడినది. మూడవ రిచర్డు రాజు 1485లో బాస్వర్తు యుద్ధమున హతుడయ్యెను. వంశముల పట్టికలు వ్రాయు అధికారుల సంస్థకు 1484లో సన్నదు నిచ్చినవాడు ఈ రాజే. ఆయన అస్థిపంజరము 2012లో లెస్టరు నగరమున బండ్లు నిలుపు స్థలము క్రింద దొరకెను. ఆయనయే యని నిర్ణయించు టెట్లు? తల్లినుండి మాత్రమే బిడ్డలకు వచ్చు డి.ఎన్.ఏ. అంశ యొకటి కలదు. రాజు సోదరి నుండి కూతురు, ఆ కూతురి కూతురు అని స్త్రీపరంపరను పరిశోధకులు నేటివరకు తీసికొనివచ్చిరి. ఆ పరంపర కొసన లండనులో కొయ్యసామాను చేసికొను పనివా డొకడు తేలెను. అతని డి.ఎన్.ఏ. రాజు ఎముకలతో సరిపోయెను. తండ్రినుండి కుమారునకు వచ్చు అంశను గూడ పరీక్షించిరి. ఆ వంశపు పురుషపరంపర బ్యూఫర్టు డ్యూకులది. గ్రంథములలో నిండుగా వ్రాసియున్నది. అది సరిపోలేదు. నడుమ ఎక్కడనో ఒకచోట వ్రాతకును రక్తమునకును పొత్తు తప్పినది. 2014లో ఈ ఫలితములు వెలువడినవి. 2015లో రాజును మరల ఖననము చేసినప్పుడు శవపేటికను చేసినవాడు ఆ కొయ్యపనివాడే. పెట్టెలు చేయువాడొకడు కాగితము లేక అవమానింపబడెను. ఇంకొకడు ఎవరును లక్ష్యపెట్టని తల్లుల పరంపరవలన రాజునకు బంధువని తేలెను.

ఇంతవరకు ఆంగ్లేయుల తప్పులు చెప్పితిని. నా తప్పొకటి చెప్పకున్న ధర్మము కాదు. యజమాని గతించిన పిదప భూమి హక్కు మార్చుటకై వంశవృక్షము వ్రాయించుకొనుటకు జనులు నా యొద్దకు వచ్చుచుందురు. ఒకనాడు ఒక యింట సంతాన మెందరని అడిగితిని. ఇద్దరు కొడుకులనిరి. అట్లే వ్రాసితిని. నేను వ్రాయుచుండగా దాహమునకు చెంబుతో నీళ్లు తెచ్చియిచ్చినది ఆ యింటి ఆడుబిడ్డ. ఆమె పేరు నేనడుగలేదు. కొన్నేండ్ల తరువాత ఆమె ఆ కాగితపు నకలు చేతబట్టుకొని నా గుమ్మము ముందు నిలిచి, "బాబాయిగారూ, ఇందులో నేను పుట్టలేదండీ" అన్నది. నిష్ఠురముగా ననలేదు. అందుచేతనే నాకు ఆ మాట నేటికిని వినవచ్చుచున్నది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకును సమభాగమని మన రాష్ట్రమున 1986లోను, దేశమంతటికిని 2005లోను చట్టములు వచ్చినవి. చట్టము వచ్చినను కలము రాకున్న ఫలమేమి? డెవను సన్నదులో ఒక మాట పడకపోవుటచే పదవి వచ్చినది. నా కాగితమున ఒక పేరు పడకపోవుటచే భాగము పోయినది. ఆ తప్పును దిద్దించుటకు తిరిగిన తిరుగుడు నాకు తగిన శిక్ష. నాటినుండి మొదట ఆడుబిడ్డల పేర్లే అడుగుచున్నాను.

మన పెద్దలు ఈ సంగతి నెరుగనివారు కారు. రఘువంశము చివర అగ్నివర్ణుడు భోగములలో క్షీణించి మరణించగా, గర్భవతియగు రాణియే రాజ్యభారము వహించెను. బృహదారణ్యకోపనిషత్తు తుదను గురుపరంపరను చెప్పుచు, దానికి వంశమనియే పేరు పెట్టిరి. ఆ గురువులను పేర్కొనుట తల్లుల పేర్లతో, ఫలానా తల్లి పుత్రుడని. విద్యకు గూడ వంశ మున్నదని, దానికి తల్లిపేరు చాలునని దాని తాత్పర్యముగా నేను గ్రహించితిని.

ఇట్టి విద్యావంశమునకు ఆంగ్లదేశమునుండియే యొక నిదర్శనము చెప్పి ముగించెదను. పైన చెప్పిన హ్యూ స్మిత్‌సన్‌కు ధర్మపత్నికి గాక జన్మించిన కుమారుడొకడు కలడు. ఆయన పేరు జేమ్స్. తండ్రి బిరుదు అతనికి లేదు. పెర్సీ యను పేరు అతనికి లేదు. అతడు రసాయనశాస్త్రము నభ్యసించి, పెండ్లియాడక, 1829లో జెనోవాలో మరణించెను. మేనల్లుడు నిస్సంతుగా గతించినచో తన ధనమంతయు అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెందవలెనని, దానితో మానవులయందు జ్ఞానము వృద్ధిపొంది వ్యాపించుటకు వాషింగ్టనులో ఒక సంస్థను నెలకొల్పవలెనని మరణశాసనము వ్రాసెను. ఆ దేశమును అతడు కన్నులారా చూచియెరుగడు. 1846లో ఆ సంస్థ యేర్పడినది. ప్రదర్శనశాలలతోను, గ్రంథాలయములతోను స్మిత్‌సోనియన్ అను ఆ పేరు నేడు లోకమెల్ల ఎరుగును. 1999 నాటి చట్టముతో వంశపారంపర్యముగా ప్రభువుల సభలో కూర్చుండు హక్కు చాలమందికి పోయెను. నాడు 92 మందికి మాత్రము మినహాయింపు కలిగెను. వృక్షమున చోటు దొరకని కొడుకు నాటిన చెట్టు మాత్రము నీడ నిచ్చుచునే యున్నది.

కార్యవర్గమువారికి నా విన్నపమొకటి. ఈ గ్రంథాలయమున గట్టి అట్టగల పుస్తకము నొకదానిని ఉంచుడు. ఊరిలో పుట్టిన ప్రతి బిడ్డ పేరును, ఆడైనను మగైనను, తల్లిదండ్రు లిరువురి పేర్లతో, తేదీతో అందులో వ్రాయుదము. వ్రాయుటకు నా చేయి నాడునంతకాలము నేను సిద్ధముగా నున్నాను. మొదటి పుటలో వ్రాయవలసిన పేరు నాకు తెలియును. ఈమారు ఆమె నడిగియే వ్రాసెదను.

సెలవు.