ఆగినచోటినుండి సాగుట
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద చదువుకొని పైకి వచ్చినవాడను. నేను చేయు పనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. నిజమునకు పని చేయునది కంప్యూటరు. నేను చేయునది చాలవరకు దానికొరకు కనిపెట్టుకొని యుండుటయే.

మన పాఠ్యపుస్తకములు మాంసకృత్తులని పిలిచిన ప్రోటీనులు, ఇరువది విధముల ఎమైనో ఆమ్లములను దండగా గ్రుచ్చినట్లు ఏర్పడును. ఆ దండ ఎట్లు మడతపడునో దానినిబట్టి దాని పని యుండును. దండను చూచి మడతను చెప్పు సమస్యను 2020లో ఆల్ఫాఫోల్డ్ అను యంత్రవిధానము చాలవరకు సాధించెను. అందులకు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ గార్లకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానమున భాగము లభించినది. దానికి శిక్షణ నిచ్చుటకు 128 టీపీయూ కోర్‌లు సుమారు 11 దినములు పనిచేసెను.

మావంటివారికి అంత వసతి లేదు. చెరువు నీరు వంతులవారీగా పొలములకు పారినట్లు, ఉమ్మడి యంత్రములపై ఒక్కొక్కరికి ఇన్ని గంటలని వంతు. వంతు ముగిసిన క్షణమున పని ఎంతలో నున్నను ఆపివేయుదురు. కనుక నడుమ నడుమ స్థితిని ఫైలులో దాచుకొని, తరువాతి వంతులో అచటినుండి సాగింపవలెను.

నేను ఈ వృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో, ఆరు దినములుగా నడచుచున్న నా శిక్షణ ఒక రాత్రి కరెంటు పోయి నిలిచిపోయెను. గంటగంటకు దాచుచునే యుంటిని. కాని ప్రతిసారియు అదే ఫైలుమీద వ్రాయుచుంటిని. ఆ వ్రాయుచున్న క్షణముననే కరెంటు పోయినది. పాతది చెరిగెను, క్రొత్తది సగమే మిగిలెను. నమూనాలు సేకరించి ఇచ్చిన నా సహాధ్యాయినికి ఆ నెలతో వేతనము ముగియుచుండెను. ఆమెకు ఫలితము చూపలేకపోతిని. ఆ ఉదయము ఆమె ఒక్కమాటయు అనలేదు. అనినచో కొంత తేలికపడి యుందును.

నాటినుండి వేరొక పేరుతో వ్రాసి, పూర్తిగా వ్రాయబడినదని చూచుకొని, అటుపిమ్మటనే అసలు పేరునకు మార్చుచున్నాను. వెనుకటివి రెండు మూడు ప్రతులు కూడ ఉంచుచున్నాను.

ఏమి దాచవలెనన్నది ఇంకొక చిక్కు. యంత్రము నేర్చిన సంఖ్యలను మాత్రము దాచినచో చాలదు. ఏ సంఖ్యను ఎటు, ఎంత వేగముగా సవరించుచున్నదో కూడ దాచవలెను. ఎక్కువగా వాడు ఆడమ్ అను పద్ధతిలో ప్రతి సంఖ్యకును మరి రెండు సంఖ్యలు తోడుగా నుండును, ఫైలు మూడింతలగును. చోటు చాలదని వానిని వదలినవారికి, పని మరల మొదలిడగానే దోషము పెరిగి కనబడును. ప్రోటీనుల వరుసలో ఎంతవరకు చదివినదో కూడ గుర్తు పెట్టనిచో, ప్రతి వంతునను మొదటి పుటలే చదివి, చివరి పుటలు ఎన్నడును చూడని పాఠకునివలె యంత్రము తయారగును.

ఎంతకొకసారి దాచవలెను? 1974లో జాన్ యంగ్ అను నాయన దీనికొక లెక్క కట్టెను: దాచుటకు పట్టు కాలమును రెట్టించి, ఆటంకముల నడిమి సగటు కాలముతో గుణించి, వర్గమూలము తీయవలెను. దాచుటకు 2 నిమిషములు పట్టి, దినమునకొక ఆటంకము వచ్చుచో, సుమారు 76 నిమిషములకొకసారి.

వేగము మాటకు వత్తును. క్రొత్తవారు ఖరీదైన యంత్రము కొన్నచో పని త్వరపడునని తలంతురు. ఆల్ఫాఫోల్డ్ ఒక ప్రోటీనును చూచుటకు ముందు, దానికి చుట్టరికముగల ప్రోటీనులను రెండు టెరాబైట్లకు మించిన భాండారములందు వెదకును. చాలమారులు కాలమంతయు ఆ వెదకుటకే పోవును. ఖరీదైన యంత్రము ఊరక కూర్చుండును. 2022లో వెలువడిన కొలాబ్‌ఫోల్డ్ ఆ వెదకుటను 40 నుండి 60 రెట్లు త్వరితము గావించెను. అంత నేర్పు లేనివారు సైతము, ఒకమారు వెదకిన ఫలితమును దాచుకొని మరల వాడుకొనవచ్చును గదా! సంఖ్యలను 32 బిట్లకు మారుగా 16 బిట్లలో లెక్కించు ఉపాయము కూడ కలదు. అది మెలకువతో చేయదగినది.

నేడు ఏ పెద్దపని మొదలిడినను, మొదటి గంటలోనే నేనే దానిని ఆపివేసి, మరల లేపి చూచుచున్నాను. ఆగక నడచినదియు, ఆగి లేచినదియు దాదాపు ఒకే దోషసంఖ్యలు చూపినచో, దానిని విడిచి ఇంటికి పోయి నిద్రింతును.