ఒడ్డునకు చేరిన సరకు ఎవరిది?



తుపాను వెలిసిన మఱునాడు సముద్రపు టొడ్డునకు దుంగయో, సరకుపెట్టెయో కొట్టుకొని వచ్చుట కలదు. "సముద్రుడిచ్చినది, దొరికినవానిదే" యని లోకులందురు. న్యాయశాస్త్రము ఆ మాట నంగీకరింపదు. ఓడ మునిగినను యజమాని హక్కు మునుగదు. నేటి ప్రసంగమునకు ఇదియే సారము.

గోదావరి తీరమునకు ఈ విషయము క్రొత్తది కాదు. ఓడల నిర్మాణమునకు పేరొందిన కోరంగి 1789 లోను, 1839 లోను ఉప్పెనల పాలైనది. అట్లు నష్టపడిన వర్తకుని సొత్తు ఎవరికి చెందవలెను? ఈ ప్రశ్నకు తెలుగునేల ఏనాడో సమాధాన మిచ్చినది. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరము 1166 (క్రీ.శ. 1244-45) లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు పగిలి ఒడ్డునబడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగువానిని పూర్వపు రాజులు బలాత్కారముగ గైకొనుచుండిరనియు, తాను దయతో నిర్ణీత సుంకము తప్ప తక్కిన దంతయు విడిచిపెట్టితిననియు అందు చెప్పెను. ఆ సుంకము ముప్పదింట నొక వంతు. 1358 లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయమిచ్చెను.

స్వతంత్ర భారతమున 1958 నాటి వాణిజ్య నౌకా చట్టము నౌకాభంగ ద్రవ్యమును వివరముగ నిర్వచించినది. సముద్రమున పడి నీటిపై తేలియాడు సరకు 'ఫ్లాట్సమ్'. ఓడ బరువు తగ్గించుటకై నావికులు పారవేయగా మునిగిన సరకు 'జెట్సమ్'. మరల కనుగొనుటకై తేలెడి వస్తువునకు కట్టి నీట ముంచినది 'లాగన్'. తిరిగి పొందు ఆశ గాని, ఉద్దేశము గాని లేక విడిచిపోయిన ఓడ 'డెరిలిక్ట్'. ఆ చట్టమున తీరమనగా కడలి యొడ్డు మాత్రమే కాదు. ఆటుపోట్లు తగులు నదుల గట్టులు, కడలి పాయల గట్టులు కూడ తీరమే. కావున అంతర్వేది కడ వశిష్ఠ గట్టున దొరికినదియు ఈ లెక్కలోనిదే.

ఆ చట్టము ప్రకారము దొరికినవాడు ఆ సొత్తును ప్రభుత్వము నియమించిన రిసీవరుకు వీలైనంత త్వరలో అప్పగింపవలసి యుండెను. యజమాని ఒక సంవత్సరములోగా హక్కు నిరూపించి, ఖర్చులు చెల్లించి దానిని తీసికొనుటకు వీలుండెను. కాపాడినవాని శ్రమ వ్యర్థము కాకుండెను. అతనికి తగిన పారితోషికము ముట్టవలసి యుండెను. అందును ప్రాణము కాపాడినవానికే మొదటి స్థానముండెను. 2025 లో పార్లమెంటు ఆ పాత చట్టమునకు బదులుగా క్రొత్త చట్టము చేసినది.

అదే సంవత్సరము మే 25న 640 కంటెయినర్లతో 'ఎంఎస్‌సీ ఎల్సా 3' ఓడ కేరళ తీరమునకు దూరమున మునిగినది. కొన్ని కంటెయినర్లు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినవి. వానిని తాకవలదని అధికారులు ప్రజలను హెచ్చరించిరి. ఏలయన, ఆ ఓడలో నీరు తగిలిన మండెడి వాయువును పుట్టించు కాల్షియం కార్బైడు కూడ నుండెను. పెట్టెలో నేమున్నదో తెలియక మూత తీయుట ప్రాణాపాయము.

దారిలో దొరికిన పుస్తకముపై గ్రంథాలయ ముద్ర చూచినవాడు దానిని ఇచ్చటికే తెచ్చి యిచ్చును. ముద్ర కనబడని సరకునకును ఎక్కడనో ఒక యజమాని యుండును. ఆ యెఱుక గల ఊరిలో చట్టమునకు పని తక్కువ.