లెక్క వ్రాయని యాట



పేకాటను గుఱించి రేడియోలో ప్రసంగించుట మీలో కొందఱికి వింతగా తోపవచ్చును. నేను ఆటను నేర్పుటకు రాలేదు, ఆటగాండ్రను దూషించుటకును రాలేదు. కొలది పందెములతో ఆడువారు ఏండ్ల తరబడి ఆడియు ఏల నేర్పరులు కాలేకున్నారో, వారిలో నొకడనై యుండినవాడను గనుక, ఆ సంగతి మీకు విన్నవింప వచ్చితిని.

పోకరు అను పేకాట అమెరికా దేశమున పెరిగినది. ఎక్కువ ప్రచారములో నున్న పద్ధతిలో ఒక్కొక్కనికి రెండేసి ముక్కలు మూసి పంచుదురు. అందఱికి ఉమ్మడిగా ఐదు ముక్కలు, మొదట మూడు, పిదప ఒకటి, తుదకొకటి, బల్లమీద తెఱచి పెట్టుదురు. మధ్య మధ్య పందెములు కాయుదురు. 2003లో క్రిస్ మనీమేకర్ అను లెక్కల ఉద్యోగి ఆన్‌లైన్ పోటీలో నెగ్గి, దానిమూలమున లాస్ వేగాస్ నగరమందలి ప్రపంచ పోటీలో ప్రవేశించి, 25 లక్షల డాలర్లు గెలిచెను. అది విని సామాన్యులెందఱో కంప్యూటరుముందు కూర్చుండిరి. న్యూజెర్సీ రాష్ట్రమున ఈ ఆట చట్టసమ్మతముగా 2013 నవంబరులో ఆరంభమైనది. మఱుసటి యేడు నేను ఉద్యోగమునకై ఆ రాష్ట్రమునకే పోయితిని.

పగలు పని, రాత్రి ఒంటరితనము. ఐదు సెంట్లు, పది సెంట్ల పందెముల బల్లలయొద్ద ఆడ మొదలిడితిని. ‘ఇది నష్టమా? పాఠమునకు చెల్లించు రుసుము’ అని నన్ను నేను ఓదార్చుకొంటిని. ఇరువది మాసములు ఆడితిని. ఆ కాలములోనే మా నాయనగారు ఊర పెంకుటిల్లు తిరుగ నేయింపవలెనని వ్రాసిరి. వచ్చే నెల పంపెదనని రెండు వానకాలములు గడపితిని.

తుదకు ఫోనులో నిజము చెప్పితిని. పైగా, ‘ఇప్పుడు ఆట పట్టుబడుచున్నది, త్వరలో గెలుతును’ అని కూడ అంటిని. ఆయన కోపింపలేదు. “నాయనా, మనము తూమెడు వడ్లు బదులిచ్చినను కాగితముమీద పెట్టుదుము. నీ యాట లెక్క ఏ పుస్తకములో నున్నది?” అని మాత్రమడిగిరి. నాయొద్ద పుస్తకము లేదు. ఆ రాత్రి బ్యాంకు కాగితములు ముందు వేసికొని కూడితిని. పోయినది 1,140 డాలర్లు. నేను మూడు నాలుగు వందలనుకొనుచుంటిని. గెలిచిన రాత్రులు మనస్సున నిలిచినవి, ఓడిన రాత్రులు జాఱిపోయినవి.

అప్పుడు కారణములు విచారించితిని.

మొదటిది, ఫలమును చూచి పనిని కొలుచుట. ఈ ఆటలో రెండు ఆసులు చేతికి వచ్చుట 221 పంపకములలో ఒక్కమారు. ఎదుటివానికి రెండు రాజులున్నను, తుదివరకు ఆడినచో ఆసులవాడు ఐదింట సుమారొకమారు ఓడును. సరిగా ఆడినవాడు ఓడుటయు, తప్పుగా ఆడినవాడు గెలుచుటయు నిత్యము జరుగును. అదను తప్పి విత్తినవానికి ఒక యేడు అకాలవర్షము కలిసివచ్చినచో, వానిని వ్యవసాయమెఱిగినవాడందుమా? నేనట్లే గెలిచిన తప్పులను నేర్పనుకొంటిని, ఓడిన ఒప్పులను మానుకొంటిని.

రెండవది, కూడిక తీసివేతలు చేయకపోవుట. బల్లమీద 2 డాలర్లున్నవి. ఎదుటివాడు మఱి 2 డాలర్లు కాసెను. నాకు ఒకే రంగు ముక్కలు నాలుగున్నవి, ఐదవది వచ్చిన గెలుపు నాది. తుది ముక్క యొక్కటియే మిగిలినది. నాకు కనబడని ముక్కలు 46, అందు నాకు పనికివచ్చునవి 9. ఇట్లు 46 మారులు ఆడినచో, 9 మారులు 4 డాలర్ల చొప్పున 36 వచ్చును, 37 మారులు 2 డాలర్ల చొప్పున 74 పోవును. పిదప కాయు పందెముల మాట విడిచినచో నికరముగా 38 డాలర్లు నష్టము. చిన్న పిల్లలును చేయగల ఈ లెక్కను నేనెన్నడును చేయలేదు. ‘రెండు డాలర్లే కదా’ అని కాసితిని. పందెము చిన్నదగుటచేతనే శ్రద్ధ కూడ చిన్నదైనది.

మూడవది, బల్ల రుసుము. ఆటశాలవారు గెలుపు కుప్పలనుండి నూటికి సుమారు ఐదు చొప్పున తీసికొనుచుండిరి. సమానమైన నేర్పుగల ఆర్గురు చిరకాలము ఆడినచో ఆర్గురును నష్టపడుదురు. నష్టపడకుండుటకే ఇతరులకంటె మిన్నగా ఆడవలెను.

నాలుగవది, ఆడుటయే అభ్యాసమని భ్రమించుట. యంత్రముమీద ఆట మిక్కిలి వేగముగా సాగును. ఒకటి ముగియకముందే చూపు మఱియొకదానిపై పోవును. ఆడినదానిని మరల తలచి, ఎక్కడ తప్పితినని ప్రశ్నించుకొన్న గంట ఇరువది మాసములలో నాకొక్కటియు లేదు. ఒకే తప్పును వేయిమారులు చేసినవానికి తప్పే అలవాటగును, నేర్పు కాదు.

మఱి తెలిసిన పిదప నేర్చి గెలిచితినా యని మీరడుగవచ్చును. లేదు. మూడు నెలలు ప్రతి యాటను పుస్తకమున వ్రాసితిని. నష్టము తగ్గినది గాని లాభము రాలేదు. నేర్చుటకు కావలసిన శ్రమ ఎంతయో, దాని ఫలమెంత స్వల్పమో ఆ పుస్తకమే చెప్పినది. ఆట మానితిని. ఇల్లు మూడవ వానకాలమునకు ముందు నేయించితిమి. అప్పటికే నడిమింటి దూలమొకటి నాని పుచ్చిపోయి యుండెను. ఆ దూలము ఖరీదును కూడ నా లెక్కలో చేర్చుకొంటిని.

ధనము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు దేశమంతటికి అట్టి చట్టమే చేసినది. అయినను చట్టము తలుపునకు గడియవంటిది. లోపలివాడు తీయదలచినచో తీయగలడు.

కావున పెద్దలారా, మీ యింటి పిల్లవాడు ఇట్టి వ్యసనమున చిక్కి, ‘నేర్చుకొనుచున్నాను’ అన్నచో తిట్టకుడు. తిట్టినచో దాచును. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “లెక్క ఏదిరా?” యని అడుగుడు. వాడు తన చేతితో తాను వ్రాసి కూడవలెను. నన్ను మరల్చినది ఆ యొక్క ప్రశ్నయే.

సెలవు.