తెర మీది ధర, చేతికొచ్చే ధర



మార్కెట్ ధరలు చూపే యాప్‌లు ఇప్పుడు మన ఫోన్లలో చాలానే ఉన్నాయి. కేంద్రం 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలుపెట్టింది. అంతకుముందు నుంచే అగ్‌మార్క్‌నెట్ ఉంది. వీటిని వద్దనడం లేదు. ఎద్దును పళ్లు చూసి కొన్నట్టే, వీటినీ పరీక్షించి నమ్ముదాం.

అగ్‌మార్క్‌నెట్ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలు చూపుతుంది. ఒక్క లాటుకు పలికినా గరిష్ఠ ధర అయిపోతుంది. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర మోడల్. మనం చూడాల్సింది అదే.

తేజ, 334, బాడిగ కలిపి మిర్చికి ఒకే ధర చూపితే మనకు పనికిరాదు. తాలుకాయ లెక్క వేరే. తేదీ కూడా చూడాలి. పాత ధర చూసి గుంటూరు యార్డుకు లారీ ఎక్కిస్తే నష్టం మన నెత్తినే.

2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమ వరకే. ఆపైన కోత. 12 దాటితే సీసీఐ కొనదు. తేమ లెక్క లేని ధర మన ధర కాదు.

అసలు పరీక్ష ఒకటుంది. ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? అది తేల్చుకోవడానికి గత మూడేళ్ల నెలవారీ ధరలు తెలుగులో, ఎవర్నీ అడగకుండా రైతే తీసుకోగలగాలి. అద్దె, వడ్డీ మనం తీసేసి చూసుకుంటాం. ఇంకొకరు చూసి చెప్పాల్సి వస్తే కొత్త దళారీ తయారైనట్టే.

ప్రతి ఊళ్లో నలుగురు కలిసి, అదే రోజు, అదే రకానికి యాప్ ధర, అమ్మకం చీటీ ధర పక్కపక్కన రాయండి. తేడా కాగితం మీదుంటే యార్డులో గట్టిగా అడగగలం.